పలకని గుంజ

సోమవారం, మొదటి షిఫ్టు

ఐదు గ్యాలరీల్లోనూ గుంజలను పలకరించాను. చారలన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. మూడో గ్యాలరీలో డబ్బా మూత మీద మంచుపొడి పేరుకుంటే గీకేశాను. నాలుగో దాని తీగ మొదట్లో దుమ్ము చేరితే తుడిచాను. చందమామ మీద బతుకంటే దుమ్ము తుడవడమేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, అదే పని భూమ్మీద ఏ వంటింట్లోనో గాలి పీల్చుకుంటూ చేసుకునేదాన్ని.

తరువాత రాజేశం సారు మీటింగు పెట్టాడు. ఈ నీడగుంట మంచుగనికి ఆయన మేనేజరు. ఎండ ఎన్నడూ పడని ఈ గుంటలో రాతిలో కలిసిన మంచును మేం గ్యాలరీలనే ఐదు సొరంగాల్లో తవ్వుతాం, కరిగించి ఊళ్ళకు నీళ్ళు పంపుతాం. సారుకు రెండు డిగ్రీలున్నాయి. ఆ రెండింటి బరువుకు ఆయన తల ఎప్పుడూ అవునన్నట్టే ఊగుతుంటుంది, పైవాళ్ళు ఏం చెప్పినా సరే.

పలకరింపు వల్ల షిఫ్టు ఆలస్యమవుతోందట. కాబట్టి రేపటినుంచి రద్దు. ఇకమీద కంట్రోలు గదిలో ఒక్కో గుంజ మరను ఒక్కో ఊపు దగ్గర నిలిపి సీలు వేయాలి. ఏ ఊపు దగ్గర నిలపాలో ఆ గ్యాలరీ పనివాళ్ళకు పెద్ద అయిన సర్దారు చెబుతాడు. వారమంతా పలకకుండా ఉన్న గుంజ ఏ గ్యాలరీదైతే దానికి మౌన ఫలకం ఇస్తారు. ఫలకంతో పాటు అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ నిండు బకెట్టు వేడినీళ్ళు. నీళ్ళు తవ్వేవాళ్ళకు నీళ్ళే బహుమానం అన్నమాట. నవ్వింది నేనొక్కదాన్నే. తక్కినవాళ్ళు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటూ ఏళ్ళు గడిపినవాళ్ళు, చప్పట్లు కొట్టారు.

గుంజ అంటే ఇక్కడ కర్ర కాదు. మా ముత్తాతలు గోదావరి ఒడ్డున బొగ్గుగనుల్లో పనిచేసేవారు. అక్కడ కప్పు కింద కర్ర గుంజలు నిలబెట్టేవారట. కప్పు దిగితే కర్ర కిర్రుమనేది. "గుంజ పలికితే పరుగు, పలకకుంటే పని" అన్నది వాళ్ళ మాట. గనిపనిలో ఆరితేరినవాళ్ళని వాళ్ళ సంతతినే ఏరి ఇక్కడికి తెచ్చారు. గాలి లేని చోట కర్ర అరిచినా వినపడదు కాబట్టి, కప్పులో వేలెడంత సూపర్‌కండక్టర్ సర్క్యూటును డబ్బాలో పెట్టి బిగించారు. మనవాళ్ళు దానికీ గుంజ అనే పేరు పెట్టుకున్నారు. పేరు పెడితే పెట్టారు, దానితో పాటు ఆ పాత మాటను కూడా మోసుకొచ్చారు.

నేను లేచి చెప్పాను. ఈ గుంజ బరువుకు కిర్రుమనే రకం కాదు. దీనికి రెండే స్థితులు, ఇటు లేదా అటు. మైక్రోవేవ్ తరంగంతో దీన్ని ఆగకుండా ఊపుతుంటాం. ఊపిన ప్రతిసారీ ఇది ఒక చీలిక దగ్గరికి వస్తుంది, అక్కడ రెండు దారుల్లోనూ ఒకేసారి పోతుంది. తిరుగు ఊపులో ఆ రెండూ మళ్ళీ కలుస్తాయి. ఒకదానికొకటి తోడైతే గుంజ పలుకుతుంది, అంటే ఎర్రదీపం వెలిగి హెల్మెట్లలో కీచుమని మోగుతుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే అసలేమీ జరగనట్టే పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. తోడవడమా కొట్టేసుకోవడమా అన్నది కప్పు ఎంత వంగిందన్న దాని మీదా, మనం ఎంత బలంగా ఊపుతున్నామన్న దాని మీదా ఉంటుంది. అందుకే రోజూ పొద్దున ఊపును చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయి, వెలుగు చారలూ చీకటి చారలూ ఎక్కడ పడ్డాయో చూస్తాం, పలకరింపంటే అదే. చారలు జరిగాయంటే కప్పు జరిగినట్టు. ఆ తరువాత ఊపును చార అంచున నిలుపుతాం, కప్పు కాస్త కదిలినా పలకాలని. చీకటి చార నట్టనడుమ నిలిపితే అది పలకమన్నా పలకదు.

ఇంకా తేలిక చేసి, ఇద్దరు చెరోవైపు నుంచీ తోస్తే తలుపు కదలదు, కదల్లేదు కాబట్టి అక్కడ ఎవరూ లేరంటామా సార్ అని అడిగాను. సారు శ్రద్ధగా విన్నాడు. విని, తలుపుల సంగతి స్టోరువాళ్ళకు చెప్పమన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

మంగళవారం, మొదటి షిఫ్టు

సీళ్ళు వేశాను. ఐదుగురు సర్దార్లూ ఐదు చీకటి చారల నట్టనడుమ చూపించి ఇక్కడే అన్నారు. ఇంత ఐకమత్యం వీళ్ళలో కూర పంచుకునేటప్పుడు కూడా చూడలేదు.

ఐదో గ్యాలరీ సర్దారు మొండయ్య కాక. అందరికంటే పెద్దవాడు, వేలితో తడిమి మంచు పాలెంతో చెప్పగలనంటాడు, చేతికి మూడు పొరల తొడుగు ఉంటుందని మాత్రం మరిచిపోతాడు. అంచున పెడితే ఊరికే అరుస్తుందని, దాని అరుపుకు మనుషులు పరుగెత్తీ పరుగెత్తీ విసిగిపోయారని ఆయన ఫిర్యాదు. అరిచినప్పుడల్లా కప్పు నిజంగానే ఎంతో కొంత కదిలిందన్నాను. కూలనైతే కూలలేదు కదా అన్నాడు.

ఐదో గ్యాలరీలో కప్పుకు బోల్టులు కొట్టేది మా చెల్లె వినోద. చందమామ మీద నాకున్న చుట్టం అదొక్కతే. బోల్టుమనిషి ముందు దిగితే తప్ప షిఫ్టు దిగకూడదు, కాబట్టి ఇంకా బోల్టు పడని కప్పు కింద మొదట నిలబడే తల దానిదే. ఆ తల నిండా మోకాళ్ళదాకా జుట్టు. కత్తిరించుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినదు. భూమి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న కుంకుడుకాయల పొట్లం ఇంకా విప్పలేదు. ఈ రాత్రి దాన్ని పైకి తీసి వాసన చూసింది. ఫలకం మాదేనక్కా అని మురిసిపోయింది. నేను నవ్వాను. అది పొట్లం మూసి అటు తిరిగి పడుకుంది.

గురువారం, మొదటి షిఫ్టు

తిండివేళ అందరూ పైకి రాగానే ఐదో గుంజ సీలు తెంపి పలకరించాను. సీలు కొట్టే పనిముట్టు నా దగ్గరే ఉంటుంది, తెంపిందీ తెలియదు, వేసిందీ తెలియదు. పలకరింపు వద్దన్నారు కాబట్టి ఇది నేరం. నేరం చేసి చూసింది ఏమిటంటే, చారలు జరిగాయి. సోమవారం ఉన్న చోటునుంచి దాదాపు పావు చార పక్కకు వచ్చేశాయి. సర్దారు చూపించిన చోట మాత్రం ఇంకా చీకటే, ఆ చార అంత వెడల్పయినది. కప్పు వంగుతోంది, పచ్చదీపం వెలుగుతోంది, తిండి కాగానే మా చెల్లె పాట పాడుకుంటూ దాని కిందికే బోల్టులు కొట్టడానికి దిగుతుంది.

నేరుగా రాజేశం సారు దగ్గరికి వెళ్ళాను. సీలు తెంపినందుకు ఐదు నిమిషాలు తిట్టాడు. తరువాత చారల పటం తిరగేసి పట్టుకుని చూశాడు. నేను సరిగ్గా తిప్పి ఇచ్చాను. అప్పుడు తీరిగ్గా ఇలా అన్నాడు:

"చూడమ్మా అనసూర్యా. కప్పు జరిగితే గుంజ పలకాలె. గుంజ పలకలే. అంటే కప్పు జరగలే. గింత దానికి పటమెందుకు?"

పోనీ నమ్మకం లేకపోతే ఊపు పెంచి చూద్దాం అని ఆయనే వచ్చాడు. ఊపు ఎక్కువైతే ఎంత మొండి గుంజైనా నోరు తెరవాల్సిందే అని ఆయన సిద్ధాంతం. ఎద్దును పొడిచినట్టు దీన్నీ పొడవవచ్చనుకుంటాడు. తానే మరను తిప్పి ఊపు రెట్టింపు చేశాడు. వెలుగు చారను ఒక్క దూకులో దాటేసి అవతలి చీకటి చారలో పడ్డాడు. దీపం పచ్చగానే ఉంది. రెట్టింపు పెట్టినా పలకలేదు చూశావా అన్నాడు. కొంచెం వెనక్కి తిప్పండి సార్ అన్నాను. ఆయన చేతులు దులుపుకున్నాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషికి నాలుగో కాలు చూపించి ఏం లాభం? పాత చోటే పెట్టి నా ముందే సీలు వేయించాడు.

శుక్రవారం, రెండో షిఫ్టు

చారలు మళ్ళీ జరిగి ఉంటాయి. సీలు మీద ఇప్పుడు సారు సంతకం ఉంది, తెంపితే తెలిసిపోతుంది.

మొండయ్య కాకను క్యాంటీన్లో పట్టుకున్నాను. పటం చూపించాను. ఆయన చదువుకోలేదు కానీ తెలివితక్కువవాడేమీ కాదు, చారల మీద వేలు పెట్టి ఏది ఎటు పోయిందో అడిగి తెలుసుకున్నాడు. ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ తరువాత వాళ్ళ తాత కథ ఎత్తుకున్నాడు. గుంజ పలికిందని పరుగెత్తి బతికిన తాత, పలకని గుంజ కింద ముప్పై ఏళ్ళు పనిచేసి ఇంటి మంచం మీద పోయిన తాత. కర్ర గుంజ వేరు, ఇది వేరు కాకా అంటే, గుంజ అబద్ధమాడదు బిడ్డా అన్నాడు. గుంజ ఆడదు, నోట్లో గుడ్డ కుక్కి మాట్లాడమనే మీరే ఆడుతున్నారు అన్నాను. ముత్తాతల మాటను మెడకు కట్టుకుని తిరిగితే కప్పు భయపడి ఆగదని కూడా అన్నాను. క్యాంటీనంతా విన్నది. కాక పళ్ళెం తీసుకుని వేరే బల్ల దగ్గరికి పోయాడు.

గదికి వచ్చేసరికి వినోద నాకోసమే కూర్చుని ఉంది. ఆ ముసలాయన్ను అందరి ముందు అంత మాట అనాలా అని మొదలుపెట్టింది. నేను పటం తీశాను. అది చూడలేదు.

"నువ్వు చెప్పేది నిజమే గావచ్చు అక్కా. గని నువ్వు చెప్పే తీరుకు ఎవ్వరికీ వినబుద్ది కాదు. నీ నోట్ల నుంచి వస్తే నిజం గూడ తిట్టు లెక్కనే ఉంటది."

నిజానికి తీరేమిటి, రెండు రెళ్ళు నాలుగని చెప్పేటప్పుడు కాళ్ళు పట్టుకుని చెప్పాలా అన్నాను. రేపు షిఫ్టు దిగొద్దని కూడా అన్నాను. బుద్ధున్నవాళ్ళెవరూ దిగరు అని కలిపాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండవలసింది. బుద్ధిలేనిదాన్ని కాబట్టి నేను దిగుతా అని దీపం ఆర్పేసింది.

శనివారం, మొదటి షిఫ్టు

వాళ్ళు దిగారు. కంట్రోలు గదిలో ఐదు పచ్చదీపాలు వెలుగుతున్నాయి. పక్క గదిలో రాజేశం సారు సాయంత్రం ఫలకం ఇచ్చేటప్పుడు చదివే ఉపన్యాసం బిగ్గరగా అభ్యాసం చేస్తున్నాడు. ‘మౌనమే మన బలం’ అన్న మాట మూడుసార్లు వినపడింది.

సారు సంతకం ఉన్న సీలు తెంపాను. ఊపును ఇప్పుడు చార అంచు ఎక్కడుందో అక్కడికి తెచ్చాను. వెంట్రుకవాసి తిప్పానో లేదో గుంజ పలికింది.

మొండయ్య కాకను నేను ఎన్ని మాటలన్నా, ఇది మాత్రం రాయాలి. మోత వినపడగానే ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. పనిముట్లు వదిలేయమని ఒక్క కేక వేసి, అందరినీ ముందు పంపి, తాను చివర వచ్చాడు. లెక్క చూసుకుని గేటు వేశాడు. వినోద బయట పడిందని తెలిశాకే నేను మర మీది చెయ్యి తీశాను.

అందరూ గేటు ముందు నిలబడి కప్పు కూలడం కోసం ఎదురుచూశారు. కప్పు కూలలేదు. తిండివేళ దాటింది, కూలలేదు. కూలుతుందని చెప్పినదానికి కూలకపోవడమంత పరువు తక్కువ మరొకటి లేదని నాకు ఈ రోజే తెలిసింది. సారు వచ్చి సీలు చూశాడు. అక్కడే, అందరి ముందే, నన్ను పనిలోంచి తీసేసి గుంజల మరల తాళంచెవులు లాక్కున్నాడు. నా బదులు మనిషి తర్వాతి ఓడలో గానీ రాడు కాబట్టి అప్పటిదాకా ఈ లాగ్‌బుక్కు రాసే పని మాత్రం నాకే వదిలాడు. ముట్టుకోవడానికి లేదు, రాయడానికి మాత్రమే.

పలికిన గుంజ కింద మళ్ళీ కూర్చోకూడదన్నది కూడా పాత నియమమే. అది గుర్తు చేశాను కాకకు. ఆయన నా వైపు చూడకుండానే జవాబు చెప్పాడు.

"గుంజ పలకలే. నువ్వు పలికినవ్."

ఊపు మళ్ళీ చీకటి చార నడుమకు వచ్చింది. పలికింది నేనే గానీ గుంజ కాదని తేల్చి, ఫలకం ఐదో గ్యాలరీకే ఉంచారు. నీళ్ళు మాత్రం సోమవారం షిఫ్టు పూర్తి చేశాక ఇస్తారట. వినోద నాతో మాట్లాడటం మానేసింది.

సోమవారం, మొదటి షిఫ్టు

ఆదివారమంతా ఏం చెప్పాలో ఆలోచించాను. నా దగ్గర వాదనలున్నాయి, పటాలున్నాయి, ఎత్తిపొడుపులైతే ఒక ఓడ నిండా ఉన్నాయి. అన్నీ ఒకసారి వాడేసినవే.

పొద్దున హాజరు వేసే మస్టరు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఐదో గ్యాలరీవాళ్ళు వరుసలో ఉన్నారు. వరుసకు ముందు వినోద, చేతిలో బోల్టు మర. నన్ను చూసి కొందరు నవ్వారు. ఈ రోజు ఏ పటం తెచ్చావని ఎవరో అడిగారు. నేను వినోద ముందుకు వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను. చెప్పడానికి నోరు తెరిస్తే ఒక్క వాదనా రాలేదు. భయమైంది. పట్టరానంత భయమైంది, అదే చెప్పాను.

"వినోదా, దిగకే. నాకు భయమైతున్నది. నీ కాళ్ళు మొక్కుత, దిగకు."

నిజంగానే వంగాను. అక్క చెల్లె కాళ్ళకు మొక్కడం ఎంత అశుభమో అక్కడున్న అందరికీ తెలుసు. నవ్వులు ఆగిపోయాయి. వినోద నా భుజాలు పట్టుకుని లేపింది. హెల్మెట్ అద్దంలోంచి నన్ను చాలాసేపు చూసింది, పుట్టినప్పటినుంచీ చూస్తున్న మనిషిని కొత్తగా చూస్తున్నట్టు. తరువాత బోల్టు మరను నేలమీద పెట్టింది.

"శనివారం నాడు రెండు బోల్టులు వదులుగ దిగినయక్కా. రాయి పట్టలే. నీకు చెప్తే నవ్వుతవని చెప్పలే."

బోల్టుమనిషి దిగకపోతే షిఫ్టు దిగకూడదు. మొండయ్య కాక మా ఇద్దరినీ చూశాడు, నేలమీది మరను చూశాడు. వదులుగ దిగినయా బిడ్డా అని వినోదను ఒక్కసారి అడిగాడు. దిగాయని అది తలూపింది. ఆయన గేటుకు అడ్డంగా గొలుసు వేసి, వరుసనంతా వెనక్కి పంపాడు. సారు కేకలు వేశాడు, ఫలకం వెనక్కి తీసుకుంటానన్నాడు, వేరే గ్యాలరీ నుంచి బోల్టుమనిషిని తెప్పిస్తానన్నాడు. ఎవరూ కదలలేదు.

ఆ మనిషి ఇంకా రాకముందే అయిపోయింది. చప్పుడేమీ లేదు, ఇక్కడ ఉండదు. కాళ్ళ కింద నేల ఒక్కసారి అదిరింది. గ్యాలరీ నోట్లోంచి మంచుదుమ్ము బాణంలా దూసుకొచ్చి, గాలి లేదు కాబట్టి తేలకుండా అక్కడే నేలమీద పడింది. వినోద నా చెయ్యి పట్టుకుని ఉంది. అది దిగి ఉంటే ఆ వేళకు సరిగ్గా కప్పు కూలిన మొదటి మలుపు దగ్గర ఉండేది. ఆ సంగతి దానికి చెప్పలేదు, దానికే తెలుసు.

నేను కంట్రోలు గదికి పరుగెత్తాను. తీగ తెగేదాకా ఐదో దీపం పచ్చగానే వెలిగిందని యంత్రం చూపిస్తోంది. కప్పు వంగింది, విరిగింది, మొత్తం కిందికి వచ్చింది, అంతసేపూ మా గుంజ నోరు విప్పలేదు. రాజేశం సారు నా వెనకే వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. పలికిందా అని అడిగాడు. లేదన్నాను. ఆయన కాసేపు దీపాన్నే చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. గుంజ పలకలేదు కాబట్టి దీన్ని కూలడం అనడానికి లేదట. పైకి పంపే రిపోర్టులో ‘కప్పు సర్దుకుంది’ అని రాయమన్నాడు. తక్కిన నాలుగు గ్యాలరీల్లో షిఫ్టులు యథాప్రకారం నడవాలన్నాడు. నాకు కోపం రాలేదు. ఇంతటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం వృథా ఖర్చు.

ఆయన పోయాక మొండయ్య కాక వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఇందాకటి దుమ్ము ఇంకా ఆయన బూట్ల మీదే ఉంది. నా దగ్గర ఆయనకోసం అట్టిపెట్టుకున్న మాట ఒకటి ఉంది, శుక్రవారం నుంచీ పదును పెట్టుకుంటున్నది. గుంజ అబద్ధమాడదన్న మనిషికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నాలుక చివరికి వచ్చింది కూడా.

కాక పిడికిలి విప్పాడు. అందులో మేనేజరు దగ్గర ఉండవలసిన తాళంచెవుల గుత్తి ఉంది.

"మూడో గ్యాలరీల నా కోడలు దిగి ఉన్నది. దాన్ని జర పలకరించు బిడ్డా."

నేను ఆ మాట అనలేదు. తాళంచెవులు తీసుకుని, మూడో గుంజ సీలు తెంపాను. కాక వచ్చి నా పక్కన నిలబడ్డాడు, ఊపు పెంచడం మొదలుపెట్టాను.